ప్లగ్గు పీకే పెద్దాయన

మొన్న కొత్తగూడలో పళ్ల డాక్టరు దగ్గర నా పరువు పోయింది. తప్పు నాది కాదు. పోయి రెండేళ్లయినా నన్ను వదలని ఒక పెద్దాయనది.

డాక్టరు కింది దవడకు మత్తు ఇంజక్షన్ పొడిచి, "పది నిమిషాలు బయట కూర్చోండి మేడమ్" అన్నాడు. కూర్చున్నాను. ఎదురుగా రిసెప్షన్ అమ్మాయి కంప్యూటరు తెర ఉన్నట్టుండి నల్లబడింది. ఆ పిల్ల బటన్ నొక్కింది. రాలేదు. మళ్లీ నొక్కింది. మూడోసారి నొక్కబోతుంటే నా ఒళ్లు నా మాట వినలేదు. లేచి, కౌంటరు వెనక్కి దూరి, టేబుల్ కింద మోకాళ్ల మీద కూర్చుని, గోడకున్న ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుని పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సగం మూతి మొద్దుబారి ఉంది కదా, "ఒకతి... లెందు... మూదు..." అని. పళ్లు పీకించుకోవడానికి వచ్చిన జనమంతా తమ నొప్పి మరిచిపోయి నన్నే చూశారు. పది అయ్యాక ప్లగ్గు పెట్టాను. కంప్యూటరు బుద్ధిగా లేచింది.

"థాంక్స్ ఆంటీ" అంది ఆ పిల్ల.

చీర దుమ్ము దులుపుకుని కుర్చీలో కూర్చున్నాక పెద్దాయన గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టరు తలుపులోంచి చూసి, "ఇంకా నొప్పిగా ఉందా మేడమ్?" అన్నాడు. ఆ దవడతో ఈ కథంతా ఏం చెప్తాను? తల అడ్డంగా ఊపానో నిలువుగా ఊపానో నాకే తెలియదు. ఇంకో ఇంజక్షన్ పొడిచాడు.

ఆయన పేరు చెప్పను. చెప్తే ఆయనకే కోపం. మేం తయారుచేసే ప్రోగ్రాములో ఎక్కడో ఒక మూల మా పేర్లు తెర మీద వచ్చేలా పెట్టుకుందామని ఒకసారి మేం సరదా పడితే, "మీ పేర్లు చదవడానికి జనం అరక్షణం ఆగాలా? ఎవరమ్మా మీరంతా?" అని ఒక్క కసురు కసిరారు. ఆఫీసులో అందరికీ ఆయన పెద్దాయనే. ఓనరు ఒక్కడు 'అన్నా' అనేవాడు.

మా కంపెనీ ఏం చేసేదో మా అమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. మీకైనా చెప్తాను. కంప్యూటరు బటన్ నొక్కగానే అన్నిటికంటే ముందు ఒక చిన్న ప్రోగ్రాము లేస్తుంది. మెమరీ ఉందా, కీబోర్డు ఉందా, డిస్కు ఉందా అని హాజరు వేసుకుని, పెద్ద ప్రోగ్రాములను లేపి, తను పక్కకు తప్పుకుంటుంది. పెళ్లింట్లో అందరికంటే ముందు లేచి పొయ్యి వెలిగించే పెద్దమ్మ లాంటిది. దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. మేం రాసేది అదే. మా పని బాగుంటే మేమున్నట్టే ఎవరికీ తెలియదు. అందుకే కాబోలు, పెళ్లి సంబంధాల్లో మా కంపెనీ పేరు చెప్తే అవతలివాళ్లు టీ తాగేసి లేచిపోయేవాళ్లు.

పైగా హైటెక్ సిటీలో ఉద్యోగమంటే అద్దాల మేడ అనుకున్నారు మా సిద్దిపేటలో. అద్దాల మేడలు మా ఆఫీసు కిటికీలోంచి కనిపించేవి, అంతే. మాది మాదాపూర్ సందులో మూడంతస్తుల బిల్డింగు. కింద టిఫిన్ సెంటరు, పైన లేడీస్ హాస్టలు, నడుమ మేము. నేను పనిచేసేది రెండో అంతస్తులో, ఉండేది మూడో అంతస్తులో. సైబరాబాద్‌లో ట్రాఫిక్ గురించి అందరూ ఏడుస్తుంటే నాకు అదేమిటో తెలిసేది కాదు.

ఆ కంపెనీ చరిత్ర ఏ పుస్తకంలోనూ లేదు, పెద్దాయన బీరువాలో ఉంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు ఆయన ఆ ఇనప బీరువా తెరిచి చూపించేవారు. అందులో నిండా చచ్చిపోయిన బోర్డులు. కొత్త ప్రోగ్రాము బోర్డులోకి ఎక్కించేటప్పుడు నడిమధ్య కరెంటు పోతే ఆ బోర్డు ఇక లేవదు. ఇటుక అయిపోయిందంటాం మేము. ప్రతి ఇటుక మీదా ఆయన ముద్దుగా తెల్ల కాగితం అంటించి, చావుకు కారణం రాసేవారు.

అన్నిటికంటే పాత బోర్డు మీద "ఓనరు గారి తుమ్ము" అని ఉండేది. అప్పట్లో ఓనరుకు బాలానగర్‌లో టీవీల రిపేరు షాపు, దాని వెనక గదిలో ఈ ఇద్దరూ కలిసి కంపెనీ మొదలుపెట్టారు. మొదటి బోర్డులోకి ప్రోగ్రాము ఎక్కుతున్న క్షణంలో ఓనరు తుమ్మాడు, మోకాలు ప్లగ్గుకు తగిలింది. కంపెనీ తుమ్ముతో మొదలైందని ఆయన గొప్పగా చెప్పేవారు. దాని పక్కది "బల్లి". ఆ తర్వాతది "ఎల్లమ్మ, ఊడ్చే మిషను".

ఎల్లమ్మ మా ఆఫీసు ఊడ్చే మనిషి. మెదక్ దగ్గర పల్లె నుంచి వచ్చింది. బీరువా తలుపు చప్పుడైతే చాలు, చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చేది.

"నేను సంపలే సారూ! నేను మిషన్ పెట్టేటాళ్లకే అది సచ్చుండె. ఊకె నా పేరు రాసి బద్నాం చేస్తున్నవ్."

"నువ్వు పీకిన ప్లగ్గు ఏదమ్మా?"

"ప్లగ్గు పీకితే సస్తదా? మా ఇంట్ల టీవీ రోజు పీకుత, సచ్చిందా?"

"టీవీకి అంత సున్నితం లేదమ్మా" అనేవారాయన. కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ ఈ తగువు అక్షరం పొల్లు పోకుండా జరిగేది. ఆ కాగితం మాత్రం తీయలేదు.

కింది అరలో కాగితాలు లేని బోర్డులు చాలా ఉండేవి. "వీటినెవరూ చంపలేదండి. కొనేవాళ్లే పోయారు" అని చెప్పి గబుక్కున తలుపు మూసేవారు. అంటే ఒకప్పుడు కంపెనీ పెద్దదే. కంప్యూటరు బోర్డులు ఇక్కడే తయారుచేసే చిన్న కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే మేమూ చిన్నవాళ్లమైపోయాం. నేను చేరేనాటికి మిగిలిన పెద్ద గిరాకీ ఒక్కటే. బాలానగర్‌లో లారీలు తూచే కాటాలు తయారుచేసే సేటు. ఆ కాటాల్లో ఉండే కంప్యూటర్లకు ప్రోగ్రాము మాది.

బోర్డును ఎవరు చంపితే వాళ్లు ఆఫీసందరికీ ఉస్మానియా బిస్కెట్లు పెట్టాలి. అది ఆయన పెట్టిన ఆచారం. మనిషి పోతే దినం చేస్తాం, దీనికి బిస్కెట్లన్నా పెట్టొద్దా అని వాదన. నేను మొదటి నెలలోనే రెండు చంపాను. "ఈ అమ్మాయి వచ్చాక మనం బలిశాం" అన్నారు.

ఆయనది తెనాలి వైపు. మనుషుల్ని కసిరేవారు గానీ మిషన్లను 'అండి' లేకుండా పిలిచేవారు కాదు. పొద్దున్నే వచ్చి బటన్ నొక్కుతూ, "లెగండి, తెల్లారింది. ఏంటండీ ఆలస్యం? ఒంట్లో బాలేదా?" అని పలకరించేవారు. బోర్డులోకి ప్రోగ్రాము ఎక్కేటప్పుడు ప్లగ్గుకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడి, కళ్లు మూసుకుని పెదాలు కదిపి ప్రార్థన చేసేవారు. ఆదివారం చర్చిలో కంటే ఇక్కడే ఎక్కువ ప్రార్థన చేస్తారని వాళ్ల ఆవిడ ఫిర్యాదట. దసరాకు ఎల్లమ్మ మిషన్లన్నిటికీ బొట్లు పెడుతుంటే అడ్డు చెప్పేవారు కాదు, దగ్గరుండి చోటు చూపించేవారు. "ఇక్కడ పెట్టమ్మా. ఆ కన్నంలో కుంకుమ పడిందంటే మీ దేవుడు, మా దేవుడు కలిసొచ్చినా లేపలేరు."

ఇన్ని వేషాల్లోనూ అందరికీ తలనొప్పి తెచ్చేది సాయంత్రం ఆరు గంటల వేషం. ఆరు కాగానే లంచ్ డబ్బా సంచిలో పెట్టుకుని, ల్యాబులో ఉన్న మిషన్ల ప్లగ్గులన్నీ వరసగా పీకుతూ వెళ్లేవారు. ఒక్కొక్కటి పీకి, పది పైకి లెక్కపెట్టి, మళ్లీ పెట్టి, లేచిందో లేదో చూసి, మళ్లీ పీకి, "పడుకోండి" అని చెప్పి పక్కదానికి. ఎవరిదైనా పని సగంలో ఉంటే గోవిందా.

"ఎందుకు సార్?" అని నేను చేరిన కొత్తలో అడిగాను.

"ఎందుకేంటమ్మా? పడుకోవద్దూ పాపం!" అన్నారు.

అది జవాబా? చాదస్తం అనుకున్నాం. కొత్త మేనేజరు వచ్చేవరకు అది సాగింది.

కొత్త మేనేజరు అద్దాల మేడ నుంచి వచ్చినవాడు. మెడలో ఎప్పుడూ ఐడీ కార్డు వేలాడుతుండేది, మా ఆఫీసులో తలుపుకు గొళ్లెం తప్ప కార్డు గీకే మిషను లేకపోయినా. కాటాల సేటుకు ఇచ్చే ప్రోగ్రాము రెండు సెకన్లు త్వరగా లేవాలని అతని పట్టుదల. మంచిదే. రాత్రంతా నడవాల్సిన పరీక్ష ఒకటి ఆరింటికి పెద్దాయన చేతిలో చచ్చింది. మర్నాడు ల్యాబు గోడ మీద కాగితం వెలిసింది. "ప్లగ్గులు ఎవరూ పీకరాదు." కింద చేత్తో రాసి ఉంది: "సీనియర్లు కూడా."

ఆయన చదివారు. ఆ సాయంత్రం ఆరింటికి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ప్లగ్గుల పక్క నుంచి దొంగను స్టేషనుకు తీసుకెళ్తున్నట్టు తనను తానే నడిపించుకుంటూ వెళ్లారు. మేం పడీ పడీ నవ్వాం. ఎల్లమ్మ మాత్రం నవ్వలేదు. "పాపం, సారు చేతులు కట్టేసిన్రు" అంది.

ఇక నా పాపం సంగతి. ప్రోగ్రాము గిరాకీకి ఇచ్చే ముందు ఒక ఫారం నింపాలి. అందులో ఒక వరస: "పూర్తిగా ఆపి, మళ్లీ ఆన్ చేసి చూశాం, యాభై సార్లు." ఇదివరకు దాని మీద సంతకం పెద్దాయనది. ఇప్పుడు నాకిచ్చారు. ప్లగ్గు ముట్టకూడదు కదా, నేను కుర్చీలోంచి కదలకుండా, మురుకులు తింటూ, కీబోర్డు మీద నుంచే యాభై సార్లు రీస్టార్ట్ చేశాను. యాభై సార్లూ లేచింది, రెండు సెకన్లు ముందే. రీస్టార్ట్ అంటే ఆపి ఆన్ చేయడమే కదా అని సంతకం పెట్టేశాను. దేవుడి మీద ఒట్టు, అది అబద్ధమని నాకు తట్టనే లేదు. కంప్యూటర్ల కంపెనీలో పనిచేస్తూ, కంప్యూటరును నిజంగా ఆపడం ఎలా ఉంటుందో చూడనిదాన్ని.

సోమవారం పొద్దున్నే సేటు నుంచి ఫోను. ఓనరు, మేనేజరు, పెద్దాయన, నేను కారులో బాలానగర్ పరుగెత్తాం. షెడ్డులో అటూ ఇటూ ఇనుము చెక్కే లేత్ మిషన్లు గీపెడుతున్నాయి. మధ్యలో కొత్త కాటాల కంప్యూటర్లు పన్నెండు వరసగా పెట్టి ఉన్నాయి. పన్నెండు తెరలూ నల్లగా.

"ఏంది సార్ గిది?" సేటు మమ్మల్ని చూడగానే అందుకున్నాడు. "శనివారం దాక మంచిగనే ఉండె. ఆదివారం బంద్ పెట్టినం. ఇయ్యాల ఒక్కటి లేస్తలేదు. రేపు లారీల మీద పోవాలె ఇవి. నన్ను పరేషాన్ చేసుడు తప్ప మీకేం పని లేదా?"

"ఆదివారం గోడ దగ్గర మెయిను కూడా ఆపారాండీ?" అన్నారు పెద్దాయన.

"ఆపినం. ప్రతి ఆదివారం ఆపుతం."

పెద్దాయన నా వైపు ఒక్కసారి చూశారు. ఆయన సంచిలోంచి చిన్న క్లిప్పు తీసి ఒక బోర్డు మీద ప్రోగ్రాము ఉండే చిప్పుకు తగిలించి, పాత ప్రోగ్రాము ఎక్కించారు. మెయిను ఆపించారు. పది లెక్కపెట్టారు. ఆన్ చేస్తే లేచింది.

"ఈమధ్య ల్యాబులో మన మిషన్లు ఎప్పుడూ ప్లగ్గుకే ఉంటున్నాయండి. ఆపినా లోపల కాస్త కరెంటు పారుతూనే ఉంటుంది. పూర్తిగా పడుకున్న మెమరీకి లేచాక ఒళ్లు విరుచుకోవడానికి కాస్త టైమివ్వాలి. రెండు సెకన్ల కోసం మనం అది తీసేశాం" అన్నారు, ఎవరినీ చూడకుండా.

సేటుకు ఈ పాఠం అక్కరలేదు. "గదంత నాకెందుకు? దీన్ని చూసి మంచిగుందని ఎవరన్నరు? ఆ మనిషిని తీసేయండి. గప్పుడే మళ్ల మీతోటి పని. లేకుంటే ఇగ రానే రాకుండ్రి."

మేనేజరు ఫారం తీశాడు. నా సంతకం నా కంటే పెద్దగా కనిపించింది. నాకు ఉద్యోగం పక్కా కావడానికి ఇంకా ఒక్క నెల ఉంది. అంతకుముందు ఎన్ని కంపెనీల మెట్లు ఎక్కి దిగానో నా చెప్పులకు తెలుసు. ఇది పోతే ఇంకోటి దొరకదు. పెద్దాయన వైపు చూశాను. ఏదో ఒకటి చెప్పండి సార్, బోర్డు తప్పనండి, బల్లి అనండి అని మనసులోనే మొక్కాను.

"సంతకం ఈ అమ్మాయిదేనండి. చేయాల్సిన పరీక్ష చేయలేదు" అన్నారు.

ఇంత ద్రోహమా అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను.

ఆయన మేనేజరు వైపు తిరిగారు. "ప్లగ్గు ఎందుకు పీకేవాడినో మీకు తెలుసాండి?"

"లేదండి" అన్నాడు మేనేజరు.

ఓనరు వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"నువ్వు చేస్తుంటివి గదన్నా," అన్నాడు ఓనరు నీళ్లు నములుతూ, "నువ్వు చేస్తున్నవంటే ఏదో ఉంటదనుకున్న."

"చూశారాండి," అని సేటుతో అన్నారు పెద్దాయన. "తెలియని పనికి ఈ పిల్ల చేత సంతకం పెట్టించాం. ఇన్నేళ్లుగా రోజూ పీకాను. ఎందుకని అడిగితే పడుకోవాలి పాపం అని వేళాకోళం చేశాను. తెలియక కాదు. చెప్పేస్తే ఇక నాతో పనేముందని భయమండి. అద్దాల మేడల్లో నా వయసు వాళ్లను చూశాను, చేతిలో ఉన్నదంతా నేర్పించుకుని పంపేశారు. అందుకని చెప్పలేదు. తీసేస్తే నన్ను తీసేయాలి, ఈ అమ్మాయిని కాదు."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అందరి ముందు బట్టలిప్పినట్టు నిలబడ్డారు.

సేటు ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. మూల లేత్ దగ్గరున్న తెల్ల మీసాల మేస్త్రిని కేకేశాడు. "ఓ మేస్త్రీ! ఇటు జూడు, నీ తమ్ముడొచ్చిండు!" మళ్లీ మాతో, "మా మేస్త్రి గూడ గంతే. కొలత ఎట్ల పడతడో సచ్చినా చెప్పడు. వెనక్కి తిరిగి చేస్తడు, ఎవడన్న చూస్తడని. నేను ముప్పై ఏండ్ల సంది ఆయన కాళ్లు మొక్కుతున్న."

మేస్త్రి అక్కడి నుంచే, "చెప్పినోడు పాగల్!" అని అరిచాడు.

"సరే," అన్నాడు సేటు. "ఎవ్వల్నీ తీసెయ్యకుండ్రి. గీ సారు మీ అందరికి నేర్పాలె. నేర్పినంక కొత్తది పంపుండ్రి. మిగిలిన పదకొండు ఇయ్యాల లేపి పోండ్రి."

లేపాం. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఆయన పక్కన కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

"నన్ను తిట్టుకుంటున్నావామ్మా?"

"అవును సార్."

"తిట్టుకో. అక్కడ అబద్ధమాడి నిన్ను కాపాడి ఉంటే, రేపట్నుంచి నన్ను చూస్తే భయపడేదానివి. తిట్టుకోవడమే నయం."

కూకట్‌పల్లి దాకా తిట్టుకున్నాను. తర్వాత ఏడుపొచ్చింది. మేనేజరు ముందు సీట్లోంచి, తిరిగి చూడకుండా, టిష్యూ కాగితాల డబ్బా వెనక్కి అందించాడు. పాపం చెడ్డవాడేమీ కాదు.

మర్నాడు ఆయన పాఠం మొదలుపెట్టారు. ఒక రోజు అనుకున్నది నెల పట్టింది. ప్లగ్గు ఒక్కటేనా, ఆయన చేసే ప్రతి చాదస్తం వెనకా ఒక కారణం ఉంది. నేర్పేస్తే ఎవరికీ అక్కరలేకుండా పోతానని భయపడిన మనిషికి కూర్చోవడానికి తీరిక లేకపోయింది. ఒక్కటి చెప్తే మాకు పది అనుమానాలు. మేనేజరు నోటుపుస్తకం పట్టుకుని ఆయన వెనక తిరిగాడు. "నన్ను పెరుగన్నం తిననివ్వరా?" అని డబ్బా పట్టుకుని మెట్ల మీదికి పారిపోయేవారు. అక్కడ మెట్లు తుడుస్తూ ఎల్లమ్మ, "నాకు గూడ చెప్పు సారూ, ప్లగ్గు పీకితే బోర్డు ఎట్ల సస్తది?" అని పట్టుకునేది.

నెలాఖరుకు నా ఉద్యోగం పక్కా అయినట్టు ఉత్తరం వచ్చింది. కాగితం పట్టుకుని ఎగురుకుంటూ ఆయన దగ్గరికే వెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని చదివారు. కింద ఒక వరస దగ్గర ఆగిపోయారు. నేను ఎవరి కింద పనిచేయాలో అక్కడ రాసి ఉంది. మేనేజరు పేరు కాదు, ఈయన పేరు.

"నా కింద మనిషిని వేశారా?" అన్నారు. మళ్లీ చదివారు. "కంపెనీ పెట్టినప్పటి నుంచి నా కింద ఎవర్నీ వేయలేదమ్మా."

కాగితం నా చేతికిచ్చి, బాత్రూమ్ వైపు వెళ్లారు. చాలాసేపు రాలేదు. వచ్చేసరికి ముఖం తడిగా ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కుర్చీలో నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, తన జీవితంలో మొట్టమొదటి ఆర్డరు వేశారు.

"రేపట్నుంచి తొమ్మిదింటికి రా. పైఅంతస్తులోనే ఉంటూ పదిన్నరకు రావడం ఏంటమ్మా, సిగ్గులేకుండా!"